లిఫ్ట్ అన్న మాట ఎక్కడా లేదు

“ప్లంబరు అన్న మాట తీసెయ్,” అన్నాడు బావ.

“ఎపిసోడు ప్లంబరు గురించే కదా బావా?”

“అందుకే తీసెయ్యమంటున్నా.”

మరదలు కీబోర్డు మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. అలా పెట్టుకోకపోతే ఆ చేతులు ఏం చేస్తాయో ఆమెకే నమ్మకం లేదు.

అది ఇంటి వెనక వైపు చిన్న గది. గోడలకి పాత పరుపులు బిగించి ఉన్నాయి. చప్పుడు రికార్డులో పడుతుందని ఫ్యాను పీకేశారు. ఆ ఉక్కలో కూర్చుని బావ పాడ్‌కాస్ట్ చేస్తాడు. ఒకప్పుడు రేడియోలో పనిచేసిన మనిషి. అక్కడ అందరూ కంచుగొంతు అని పిలిచేవారు. రేడియో ఉద్యోగం వదిలి చాలా కాలమైంది గానీ గొంతు మాత్రం ఇంకా అక్కడే డ్యూటీలో ఉంది. ఉప్పు అందుకోమన్నా ఉరిశిక్ష ప్రకటించినట్టు ఉంటుంది.

షో పేరు ‘గండం గడిచింది’. కరెంటు పనివాళ్ళు, బావులు తవ్వేవాళ్ళు, లారీ డ్రైవర్లు, రకరకాల వాళ్ళు వచ్చి చావు అంచుదాకా వెళ్ళొచ్చిన కథలు చెబుతారు. తాము ఎలా బయటపడ్డారో, పక్కవాడు ఎందుకు బయటపడలేకపోయాడో చెబుతారు. మంచి షో. మరదలికి ఒళ్ళు మండేది కూడా అందుకే. చెత్త షో అయితే ఎవరికీ దొరక్కపోయినా బాధుండదు.

కిందటేడు అక్క బతిమాలితే ఈ పనికి ఒప్పుకుంది. షో నోట్స్ రాయాలి. అంటే ఎపిసోడు పేరు కింద నాలుగు వాక్యాల్లో లోపల ఏముందో చెప్పడం. చిన్న పనే అనుకుంది. బావతో పని ఎలా ఉంటుందో అప్పటికి తెలియదు.

“విను,” అంది ఓపిక కూడగట్టుకుని. “కొత్తగా వచ్చినవాడు వెతుక్కుంటాడు. ఇంట్లో గ్యాస్ వాసనొస్తే ‘గ్యాస్’ అని కొడతాడు. నువ్వు పేరు పెట్టినట్టు ‘నీలి మౌనం’ అని కొట్టడు.”

“కొత్తవాడు మొదటి ఎపిసోడు నుంచి వినాలి.”

“వినేలోగా వాడిల్లు కాలిపోతుంది.”

“ముందే చెప్పేస్తే సస్పెన్స్ చచ్చిపోతుంది చిన్నీ.”

“మనిషి బతుకుతాడు కదా బావా!”

బావ కళ్ళు మూసుకున్నాడు. మైకు ముందు విరామం ఇచ్చేటప్పుడు కూడా అలాగే మూసుకుంటాడు. “చీకట్లో చెయ్యి పట్టుకుని నడిపించడం నా పద్ధతి. నువ్వేమో లైటేస్తానంటావు.”

నూటయాభై పైచిలుకు ఎపిసోడ్ల కింద ఒకే నోట్స్ ఉంది. ‘ఏం జరిగింది? ఎలా గడిచింది? కళ్ళు మూసుకుని వినండి.’ అంతే. వచ్చినవాళ్ళ పేరు ఉండదు, పని ఉండదు, ఏ నిమిషంలో ఏం చెప్పారో ఉండదు. పేర్లు చూస్తే ఇంకా మంట. ‘ఆ తలుపు’. ‘తలుపు అవతల’. ‘తలుపు లేని గది’. ఇవి చాలవన్నట్టు స్టూడియో ఫోనులో గెస్టుల నంబర్లు కూడా మనిషి పేరు మీద కాకుండా ఎపిసోడు పేరు మీదే దాచుకున్నాడు. ఒకసారి కరెంటు పనివాడికి ఫోన్ చేయాల్సి వచ్చి ‘నీడ కాటు’ కోసం పూటంతా వెతికింది.

తలుపు మీద కర్రతో ఎవరో కొట్టారు. అమ్మ. తల లోపలికి పెట్టి, “అల్లుడుగారూ, కంటి డాక్టరు దగ్గరికి వేళవుతోందండీ. మీ గొడవ తర్వాత పడండి. ఇది ఎక్కడికీ పోదు,” అంది.

“గొడవేం లేదత్తయ్యా. సృజనాత్మక చర్చ.”

“అదే, అదే. వీధిలోకి వినిపిస్తోంది.”

బావ లేచి బూట్లు తొడుక్కుంటూ గుమ్మంలో ఆగాడు. “నేనొచ్చేసరికి ప్లంబరు ఉండకూడదు.”

మరదలు పళ్ళు నూరుతూ ప్లంబర్ని చెరిపేసింది. ‘బాత్‌రూమ్’ని కూడా చెరిపేసింది. మిగిలింది ‘ఏం జరిగింది?’ ఒక్కటే. టీ పెట్టుకుందామని వంటింట్లోకి వెళ్ళింది. నీళ్ళు మరుగుతుండగా ఫోన్ మోగింది. బావ.

“ప్లంబర్ని తీసేశా,” అంది విసుగ్గా.

“చిన్నీ, లిఫ్టులో ఇరుక్కుపోయాం.”

ఆ గొంతులో కంచు లేదు. ఆమె స్టవ్ ఆర్పేసింది.

“ఎక్కడ?”

“కంటి ఆస్పత్రి ఉన్న పాత బిల్డింగే. రెండో అంతస్తు దాటింది, మూడోది చేరలేదు. కరెంటు పోయింది. అలారం నొక్కితే మీట ఊడి చేతికొచ్చింది. ఆస్పత్రికి ఫోన్ చేస్తే, కేర్‌టేకరు మోటరు గదికి తాళం వేసుకుని ఎటో పోయాడన్నారు. ఫైర్ వాళ్ళకి చేశా. బయల్దేరామన్నారు, ట్రాఫిక్‌లో ఉన్నారట.”

వెనక నుంచి అమ్మ గొంతు. “గాలాడట్లేదని చెప్పండి! నా గుండె దడదడలాడుతోందని చెప్పండి!”

“అమ్మకి ఫోనివ్వు.”

“ఆగు, నా మాట విను. తలుపు సగం తీశా, అత్తయ్య కర్ర పెట్టి. రెండో అంతస్తు తలుపు కూడా పైనుంచి గడియ తప్పించా. కింద సందు కనిపిస్తోంది. గచ్చు కూడా కనిపిస్తోంది. నేను ముందు దిగి అత్తయ్యని దింపుకుంటా.”

“వద్దు! ఫైర్ వాళ్ళొచ్చేదాకా కదలకు.”

“ఆవిడ ఊపిరి చూస్తే నాకు భయమేస్తోంది. అయినా నా షోలోనే ఒక లిఫ్ట్ మెకానిక్ వచ్చాడు, నువ్వు రాకముందు. సందులోంచి దిగడం గురించి చెప్పాడు. దిగొచ్చనే చెప్పినట్టు గుర్తు.”

“గుర్తా? ఖాయమా?”

“విని చూద్దామని ఇందాకట్నుంచీ వెతుకుతున్నా.” బావ గొంతు సన్నబడింది. “దొరకట్లేదు. లిఫ్ట్ అని కొడితే ఏమీ రావట్లేదు.”

ఇంకెప్పుడైనా ఆ మాట విని ఉంటే మరదలు ఫ్రేము కట్టించి గోడకి తగిలించేది. ఇప్పుడు మాత్రం అంత తీరిక లేదు.

“ఎపిసోడు పేరేంటి?”

“అదే గుర్తు రావట్లేదు.”

“నువ్వే కదా పెట్టింది!”

“చాలా పెట్టాను చిన్నీ!”

ఆమె ఫోను స్పీకర్లో పెట్టి స్టూడియో గదిలోకి పరుగెత్తింది. “నేను వెతుకుతా. నేను చెప్పేదాకా కాలు బయట పెట్టకు. అమ్మా, అతన్ని పట్టుకో!”

“నేనెక్కడ పట్టుకోనే, నన్నే ఎవరైనా పట్టుకోవాలి!” అంది అమ్మ.

‘ఆ తలుపు’ నొక్కింది. ముందు గాలి హోరు. తర్వాత అడుగుల చప్పుడు. తర్వాత బావ. ‘చీకటి... చీకటికి ఒక తలుపు ఉంటుందా?’ ఆమె ముందుకి జరిపింది. ఇంకా బావే. ఇంకా జరిపింది. ఎవరో చెబుతున్నారు, ఐసు గోడౌనులో తలుపు పడిపోయి లోపల ఉండిపోయానని. ఇది కాదు. ‘తలుపు అవతల’. గాలి హోరు. అడుగులు. బావ. చివరికి కుక్కలు పట్టేవాడు. ఇది కాదు. ‘తలుపు లేని గది’లో బావి తవ్వే మేస్త్రి.

“బావా, ఇతగాడు మాట్లాడ్డానికి ముందు నువ్వెంతసేపు మాట్లాడతావు?”

“వాతావరణం సృష్టించాలి కదా.”

“నీ వాతావరణం తగలెయ్య!”

‘మధ్యలో ఉన్నవాడు’. ఆమెకి ఆశ పుట్టింది. రెండంతస్తుల మధ్య ఉన్నవాడే అయ్యుంటాడు. గాలి హోరు, అడుగులు, బావ. ఆ మనిషి పడవ నడిపేవాడు, ఏటి మధ్యలో ఇంజను ఆగిపోయిందట. ‘ఊగిసలాట’. ఉయ్యాల వంతెన. ‘పైనున్నది’. తేనెపట్టు.

స్పీకర్లో ఏదో ఇనుము కీచుమంది.

“ఏంటా చప్పుడు?”

“తలుపు ఇంకాస్త జరిగింది,” అన్నాడు బావ. ఆయాసపడుతున్నాడు. “చిన్నీ, ఇక ఆగలేను. అత్తయ్య చెమటలు కక్కుతోంది. నేను బోర్లా పడుకుని కాళ్ళు ముందు జారుస్తా. ఎత్తేం లేదు. ఒక్క అడుగే.”

“బావా, వద్దన్నానా!”

“ఒక్క అడుగే కదా. దూకేస్తే అయిపోతుంది.”

మరదలి వేలు గాల్లో ఆగిపోయింది.

ఒక్క అడుగే. ఆ మాట ఎక్కడో చూసింది. ఎవరి నోటా వినలేదు, చూసింది. జాబితాని సర్రున కిందికి లాగింది. ‘నీలి మౌనం’, ‘నీడ కాటు’, ‘ఊపిరి బాకీ’, వాటి కింద ‘ఒక్క అడుగే’.

తెరిచింది. నోట్స్ ఎప్పటిదే. ‘ఏం జరిగింది? ఎలా గడిచింది?’ కానీ దాని కింద ఎవరో శ్రోత మండిపడుతూ రాసిన కామెంటు ఉంది. ‘అయ్యా, మా అపార్ట్‌మెంటు వాళ్ళకి పంపుదామని నెలంతా వెతికాను. లిఫ్టు గురించి అని ఒక్క ముక్క రాస్తే మీ సొమ్మేం పోయింది?’ దాని కింద బావ జవాబు. ‘రహస్యమే రసం, మిత్రమా.’

ఆమెని భయపెట్టింది రసం సంగతి కాదు. ఒక్క అడుగే అని బావ ఇప్పుడన్నది సొంత మాట కాదు. ఎవరిదో మాట అతని తలలో ఉండిపోయింది. ఆ మాట అన్నవాడికి ఏమైందో మాత్రం తలలోంచి జారిపోయింది. ‘గండం గడిచింది’లో వచ్చినవాళ్ళు బతికినవాళ్ళు. వాళ్ళు చెప్పే కథల్లో అందరూ బతకరు.

“బావా, దొరికింది! కాలు లోపల పెట్టుకో!”

“ఇప్పటికే బయటికి జార్చేశా. సగం దిగినట్టే.”

“అమ్మా! ఫోను నీ చేతికిచ్చాడా? సౌండు పెంచు!”

ఆమె కంప్యూటరు స్పీకరు పక్కన ఫోను ఆనించి ప్లే నొక్కింది. గాలి హోరు. ముందుకి జరిపింది. అడుగులు. జరిపింది. ‘అడుగు... మనిషి జీవితంలో అడుగంటే ఏమిటి?’ జరిపింది. ‘పసివాడి తొలి అడుగు...’ ఆమె గొంతులోంచి ఒక మూలుగు వచ్చింది. ఇంకా జరిపింది. అప్పటికి వచ్చింది వేరే గొంతు. తాపీగా, ఎవరినీ భయపెట్టాలన్న ఉద్దేశం లేని గొంతు.

‘సందు కనిపిస్తే ప్రాణం లేచొస్తుంది సార్ ఎవరికైనా. కింద గచ్చు కనపడుతుంటుంది కదా. కాళ్ళు జార్చి దూకేద్దామనుకుంటారు. మా బిల్డింగులో ఒకాయన అలాగే చేశాడు. నేను పైన మోటరు గదిలో ఉన్నా. కదలకండి, నేను దింపుతా అని అరిచా. ఒక్క అడుగే కదా అన్నాడాయన. అంటూనే...’

‘ఆగండి,’ అంది బావ గొంతు రికార్డులో, కంచు మోగినట్టు. ‘ఒక్క క్షణం ఇక్కడే ఆపుదాం. శ్రోతలారా! ఆ మనిషికి ఏమయింది? కళ్ళు మూసుకుని ఊహించండి...’

వయొలిన్ మొదలైంది.

“ఎవడే వీడు!” అని లిఫ్టులోంచి అమ్మ కేక. “ఆయన్ని చెప్పనివ్వడే! నోరు మూసుకోమను వాణ్ణి!”

“అత్తయ్యా,” అన్నాడు బావ నీరసంగా, “అది నేనే.”

మరదలు వయొలిన్ని దాటించబోయి మరీ ఎక్కువ దాటించింది. మెకానిక్ పిల్లల చదువుల గురించి చెబుతున్నాడు. వెనక్కి లాగింది. వయొలిన్. చీమంత ముందుకి జరిపింది.

‘...కాళ్ళు గచ్చుకి తగిలాయి సార్. కానీ దూకిన ఊపుకి ఒళ్ళు వెనక్కి తూలింది. వెనక ఏముంది? లిఫ్టు పైన ఆగింది కదా, దాని కింద అంతా ఖాళీ. అందులోకి పోయాడు. నేను చూసినవాళ్ళలో తాడు తెగి పోయినవాడు ఒక్కడూ లేడు. దిగబోయి పోయినవాళ్ళున్నారు. లోపల కూర్చుంటే ఏమీ కాదు. గాలి అయిపోతుందని భయపడతారు గానీ, అదేమన్నా మూత పెట్టిన డబ్బానా? సందులన్నిట్లోంచీ గాలొస్తూనే ఉంటుంది...’

స్పీకర్లో పెనుగులాట. బట్ట చిరిగిన చప్పుడు.

“లోపలికి రా! కాళ్ళు లోపలికి లాక్కోరా అంటుంటే!”

అక్క పెళ్ళయిన నాటి నుంచీ ‘అల్లుడుగారూ’, ‘మీరు’ తప్ప ఇంకో మాట ఎరగని అమ్మ అరుస్తోంది. చేతికర్ర వంపుని అల్లుడి కాలర్లో తగిలించి, రెండు చేతులతో లాగుతోందని మరదలికి తర్వాత తెలిసింది.

“వస్తున్నా అత్తయ్యా, గొంతు, గొంతు బిగుస్తోంది...”

“నీ గొంతు బిగిస్తేనే లోకానికి మంచిది! రా!”

తర్వాత ఇద్దరి రొప్పులు వినిపించాయి. ఆ తర్వాత బావ అన్నాడు. “నా బూటు.”

ముగ్గురూ వింటున్నారు. బూటు ఇంకా కింద పడలేదేమిటి అనుకుంది మరదలు. అప్పుడు వచ్చింది చప్పుడు. చాలా కిందనుంచి, నీళ్ళూ ఇనుమూ కలిసినట్టు.

“చిన్నీ,” అన్నాడు బావ. “కూర్చున్నాం. ఇద్దరం గోడకి ఆనుకుని కూర్చున్నాం.”

“అలాగే కూర్చో. నోరు కూడా తెరవకు.”

స్టూడియో ఫోను తీసి ‘ఒక్క అడుగే’ అని వెతికితే నంబరు వెంటనే వచ్చింది. మెకానిక్ రెండో రింగుకే ఎత్తాడు. సంగతి విన్నాడు. “ఆ బిల్డింగు నాకు తెలుసమ్మా. మోటరు గది తాళంచెవి ఒకటి మా కంపెనీలో ఉంటుంది, పట్టుకొస్తా. ఎవర్నీ కదలొద్దనండి. ముఖ్యంగా సార్‌ని.”

ఆమె దొరికిన బండెక్కి అక్కడికి చేరేసరికి ఫైర్ వాళ్ళు మెట్ల మీద ఉన్నారు, మెకానిక్ పైన మోటరు గదిలో చక్రం తిప్పుతున్నాడు. లిఫ్టు అంగుళం అంగుళంగా దిగి రెండో అంతస్తు దగ్గర సమానంగా ఆగింది. ముందు చేతికర్ర వచ్చింది, దాని వెనక అమ్మ. ముఖం పాలిపోయింది గానీ చూపు మాత్రం వాడిగా ఉంది. చివర్న బావ. చొక్కా కాలరు చిరిగి వేలాడుతోంది. ఒక కాలికి బూటు ఉంది, ఒక కాలికి మేజోడు.

“అమ్మా, ఇంటికి పోదాం పద,” అంది మరదలు ఆమె చెయ్యి పట్టుకుని.

“ఇంటికెందుకే? డాక్టరు పైనే ఉన్నాడుగా. మెట్లెక్కి పోతా.” రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. “అల్లుడుగారు ఇక్కడే ఉంటారులే.” మర్యాద మళ్ళీ వచ్చింది. అది అంతకుముందు తిట్టిన తిట్ల కన్నా గట్టిగా తగిలింది.

మెకానిక్ చేతులు తుడుచుకుంటూ దిగొచ్చాడు. బావ పాదాల వంక చూశాడు.

“సార్, ఇదంతా నేను మీకు చెప్పిందే కదండీ?”

“గుర్తులేదయ్యా.”

“పోనీ వినొచ్చు కదండీ?”

మరదలు అంది, “దొరకలేదంట.”

“అవునమ్మా, అది దొరకదు,” అన్నాడు మెకానిక్, ఎవరినీ తప్పుపట్టకుండా. “మా కుర్రవాళ్ళకి వినిపిద్దామని నేనూ చాలాసార్లు వెతికా. నా ఎపిసోడు నాకే దొరకలేదు. సార్ అలా పెట్టారంటే ఏదో కారణం ఉంటుందిలే అనుకున్నా.”

బావ ఉన్న ఒక్క బూటూ విప్పి చేత్తో పట్టుకున్నాడు.

ఆ సాయంత్రం పరుపుల గదిలో మరదలు తను రాసిన నోట్స్ బిగ్గరగా చదివింది. “లిఫ్టు మధ్యలో ఆగిపోతే ఏం చేయాలి, ఏం చేయకూడదు. లిఫ్ట్ మెకానిక్ చెబుతున్నారు. సందులోంచి దిగకండి. ఎందుకు దిగకూడదో పంతొమ్మిదో నిమిషంలో ఉంది.”

బావ తల ఊపాడు. మళ్ళీ ఊపాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు. “బాగుంది. చాలా బాగుంది. ఒక్కటే మాట. ‘దిగకండి’ అని ముందే చెప్పేస్తే...”

పక్క గదిలో కర్ర నేలకి తగిలిన చప్పుడైంది.

“...ఏం లేదు. పెట్టెయ్.”

పెట్టేసింది. పేరు కూడా మార్చింది. స్టూడియో ఫోనులో ‘ఒక్క అడుగే’ తీసేసి ‘లిఫ్ట్ మెకానిక్’ అని రాసింది. ఆ తర్వాత పైకి జరిపి జాబితా చూసింది. నూటయాభై పైచిలుకు. ఒక్కోటీ గాలి హోరుతో, అడుగులతో, చీకటికి తలుపు ఉంటుందా అన్న ప్రశ్నతో మొదలయ్యేవే. లోపల ఏముందో తెలియాలంటే ప్రతిదీ వినాల్సిందే. ఇంకో దారి లేదు. తల పట్టుకుంది.

“ఏం చేస్తున్నావు?” అన్నాడు బావ.

“మొదటి ఎపిసోడు నుంచి వింటున్నా. కొత్తవాళ్ళు అలాగే వినాలన్నావుగా.”

అతను స్టూలు లాక్కుని పక్కన కూర్చుని కాగితం, పెన్ను తీసుకున్నాడు. ఆమె ప్లే నొక్కింది. గాలి వీచింది. ఎవరో నడిచారు. కంచుగొంతు అడిగింది, ‘రాత్రి... రాత్రికి నిద్ర పడుతుందా?’

ఇద్దరూ విన్నారు. గొంతు ఇంకా అడుగుతూనే ఉంది. నిద్ర గురించి అయిపోయి కల గురించి మొదలైంది. ఫ్యాను లేని గదిలో చెమట మెడ మీదుగా కారుతోంది. బావ పెన్ను మూత తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు. కాగితం మీద రాయడానికి ఒక్క ముక్క దొరకలేదు.

“ఎప్పుడు మొదలవుతుందిది?” అన్నాడు చివరికి.

“నాకేం తెలుసు? ఎక్కడా రాసి లేదు.”

గొంతు కల దాటి మెలకువలోకి వచ్చింది. బావ ముఖం తుడుచుకున్నాడు.

“ముందుకి జరుపు చిన్నీ,” అన్నాడు.